5 ఎంఎల్ అంటే ఎంత?

పోయిన వానాకాలం, గాజువాకలో పిన్ని వాళ్ళిల్లు. బాబాయ్‌కి స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్. రాత్రి రెండింటికి ఏడాదిన్నర తమ్ముడికి ఒళ్ళు కాలిపోతోంది. పిన్ని మందుల చీటీ నా చేతిలో పెట్టి, "ఇంగ్లీష్ మీడియం కదరా నువ్వు, ఏం రాశారో చూడు" అంది.

సాయంత్రం ఆసుపత్రిలో రాసిచ్చిన చీటీ. పారాసెటమాల్ సిరప్, 5 ఎంఎల్. అంతే. చేతికందిన సీసా తీసి మూతలోకి వంచేశాను. వాడి నోటిదాకా వచ్చాక ఎందుకో లేబుల్ చూశా. 5 ఎంఎల్‌కి 250 మిల్లీగ్రాములు! అది ఆరేళ్ళ చెల్లి కోసం ఎప్పుడో కొన్నది. పక్కనే వాడి కోసం కొన్న కొత్త సీసా ఉంది. అందులో 5 ఎంఎల్‌కి 120.

ఫోన్‌లో వెతికాను. పిల్లలకి ఒక డోసు అంటే బరువులో కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. వీడు 10 కిలోలు. అంటే 150 దాటకూడదు. చీటీలో ఉన్న 5 ఎంఎల్ తప్పు కాదు, ఏ సీసాలో 5 ఎంఎల్ అన్నదే లేదు. ల్యాబ్‌లో అయితే ఇలాంటి తప్పుని కంపైలర్ ఆపేస్తుంది. ఆ రాత్రి ఆపడానికి నేనే ఉన్నాను, అదీ నిద్రకళ్ళతో.

పొద్దున్న పిన్ని దాచిన ఫైలు మొత్తం తీశాను. చీటీలు ఎలా రాస్తున్నారో కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే ఐదు ప్రశ్నలు పెట్టింది: చీటీకి సగటున ఎన్ని మందులు, ఎన్ని జెనరిక్ పేరుతో, ఎన్ని చీటీల్లో యాంటీబయాటిక్, ఎన్నింటిలో ఇంజెక్షన్, ఎన్ని మందులు అత్యవసర మందుల జాబితాలోవి. మన ఫైల్లో పదకొండు చీటీలు. అన్నీ బ్రాండ్ పేర్లే. జెనరిక్ పేరు స్పష్టంగా రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. ఏడింటిలో యాంటీబయాటిక్, అందులో చాలావరకు జలుబుకే. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు.

ఆరో ప్రశ్న నేను కలిపాను: బిడ్డ బరువు రాశారా? నాలుగింటిలోనే ఉంది.

కోపంగా పిన్నికి చూపించాను. తను నెమ్మదిగా అంది, "నలభై టోకెన్ల తర్వాత మన వంతు వచ్చింది. డాక్టర్‌గారు ఒకసారి మందేమీ వద్దు, రెండు రోజులు చూడండి అన్నారు. మేమే బతిమాలి రాయించుకున్నాం. ఉత్త చేతుల్తో వస్తే మీ బాబాయ్ ఊరుకుంటాడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఏడింటిలో మనం అడిగి రాయించుకున్నవెన్నో ఫైల్లో కనిపించదు కదా.

పాత సీసా పారేశాం. ఫైలు అట్టమీద పిన్ని మార్కర్‌తో "10 కిలోలు" అని రాసింది, నెలనెలా మారుస్తానంది. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఆదివారం ఫైలు తీయండి. ముందు బరువు ఉందేమో చూడండి. తర్వాత సీసాలు చూడండి.