మూడు ఊళ్ళు, తెల్లబడిన సీసా

బెంగుళూరు నుండి గుంతకల్లు వెళ్ళే బండి ఎక్కితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరుసగా వస్తాయని మన పాఠకులలో చాలామందికి తెలుసు. మేము ఆ దారిన ఎన్నోసార్లు ప్రయాణం చేశాము గాని నీళ్ళకోసం దిగడం మాత్రం క్రిందటి నవంబరులోనే మొదలు. ఉపాధ్యాయులం ఇద్దరం, డిగ్రీ చదివే యౌవనులు తొమ్మిదిమంది. సంచులలో బట్టలకంటె గాజు సీసాలే ఎక్కువ. టిక్కెట్టు కలెక్టరుగారు వాటిని చూచి, "ఏం మందులు సార్ ఇవి?" అన్నారు. "ఖాళీవి సార్, నది నీళ్ళు పట్టేదానికి," అన్నాడు ఒక పిల్లవాడు. "ఈ సీమలో నది యాడుంది నాయనా!" అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయన మాటలో తప్పు లేదు. పెన్న నంది కొండలలో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మన దగ్గర మాత్రం యేడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఇంకేమి ఆశించగలం? అలాగని దానిని తేలికగా తీసుకోరాదు. 2021 నవంబరు 19న వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో ఒక జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడింది. ఆ ఇసుకలోనే ఆ నీళ్ళు వచ్చాయి.

ఈ పని మేము కనిపెట్టినది కాదు. 1980లలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో విలియం స్టాప్ అనే ఆచార్యుడు హైస్కూలు పిల్లలచేత హ్యూరన్ నది నీళ్ళను పరీక్ష చేయించారు. తర్వాత డెట్రాయిట్ నగరం గుండా పోయే రూజ్ నదిలోనూ ఆ పని సాగింది. కార్ఖానాల మురికితో చెడిపోయిన ఆ నదిని ఒకప్రక్క బాగుచేస్తుంటే, మరొకప్రక్క బడిపిల్లలు ఆమ్లజని, ఉష్ణోగ్రత, ఫాస్ఫేటు, నైట్రేటు మొదలైన తొమ్మిది పరీక్షలు చేస్తూ వచ్చారు. మాకు తొమ్మిదింటికి డబ్బు చాలలేదు. మూడింటితో సరిపెట్టుకున్నాము: రంగు, పి.హెచ్. కాగితం, ఆమ్లజని.

ఆమ్లజని పరీక్ష చూడ ముచ్చటైనది. గాలి బుడగ మిగలకుండా సీసా నిండా నీళ్ళు పట్టి, రెండు ద్రావకాలు వేసి, బిరడా బిగించి ఊపాలి. నీటిలో ప్రాణవాయువు ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ఒడ్డునే చేయాలి, సీసా ఇంటికి తెచ్చి చేస్తే ఫలితం మారిపోతుంది.

మొదటి సీసా పరిగి వైపు పట్టాము. ఇసుకలో మోకాటిలోతు మడుగు, ఒడ్డున రెండు బర్రెలు. మడ్డి చక్కని గోధుమరంగులో దిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిరిగి హిందూపురానికి వచ్చాము. ఇది పట్టుగూళ్ళ బజారుకు పేరుపొందిన ఊరు. గూళ్ళు ఉడికించి దారం తీసే చోట వచ్చే వాసన గురించి ఇక్కడ వ్రాయము, భోజనవేళ చదివేవారు ఉంటారు.

పెనుకొండలో ఎక్కువసేపు ఆగలేదు. అయినా ఒక్క సంగతి చెప్పాలి. పెన్న ఈ ఊరిని తాకదు. 1388 నాటి శాసనం ప్రకారం, ప్రజలు సుఖంగా ఉండాలని, పెన్న నీటిని పెనుకొండకు తీసుకొని రమ్మని రాజు నిండు సభలో సింగయభట్టు అనే జలసూత్ర నిపుణునికి ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన కాలువ త్రవ్వించాడు. కొండ క్రింద చెట్టునీడలో పులిహోర పొట్లాలు విప్పుతూ ఇది చెబితే పిల్లలు నమ్మలేదు. నదిని ఊరికి తెచ్చినవారు ఆనాటివారు, ఊరి మురుగును నదికి పంపినవారం మనము.

చిత్రావతి ఒడ్డునున్న ధర్మవరంలోనే అసలు పని. పట్టుచీరె నేతకు ముందు పట్టును సబ్బు, సోడా వేసి ఉడికిస్తారు. పచ్చి పట్టు బరువులో సుమారు నాలుగోవంతు జిగురు ఆ నీళ్ళలో కరిగిపోతుంది. తర్వాత రంగుల అద్దకం. ఆ జిగురు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువునంతా తినివేస్తుంది. నవంబరులో మేము చూచిన కాలువ ఉదయం గులాబిరంగు, మధ్యాహ్నం పచ్చ. కాగితం ముదురు నీలంగా మారింది. సీసాలో మడ్డి పాలవలె తెల్లగా దిగింది. మా పిల్లలలో ఒకడు మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ వీధిలోని అద్దకపు కొట్టు వాళ్ళ నాయనదే.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 నదీభాగాలు చెడిపోయాయని లెక్క తేల్చింది. మన రాష్ట్రంలో ఐదు: గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కుందూ, నాగావళి. పెన్న, చిత్రావతి అందులో లేవు. లేవని సంతోషించాలో, లేవు గనుక ఎవరూ ఇటు చూడరని దిగులుపడాలో తెలియక ఆ రాత్రి చర్చి హాలులో చాలాసేపు వాదించుకున్నాము.

ఆ వీధివారు మా మాట విని ఊరుకోలేదు. డిసెంబరులో తలా కొంత వేసుకొని కాలువ పూడిక తీయించారు. చివర గుంత త్రవ్వి, సున్నము, పటిక వేసి నీళ్ళు తేర్చి వదలసాగారు. జనవరిలో మేము మరల వెళ్ళేసరికి కాలువలో రంగు లేదు. అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ పిల్లవాని నాయన ఎదురువచ్చి, "చూడండి సార్, నీళ్ళు ఎంత తేటగా వచ్చినాయో! ఇంక రాసుకోండి, బాగైందని," అన్నారు. ఆయన ముఖంలోని సంతోషం చూస్తే మాకు సీసా తీయ బుద్ధికాలేదు.

సీసా తీసినది ఆయన కొడుకే. ద్రావకాలు వేసి ఊపి గట్టుమీద పెట్టాడు. అందరం చుట్టూ కూర్చున్నాము. మడ్డి తెల్లగానే దిగింది. కాగితం మునుపటికంటె నీలమైంది. అది సున్నపు పుణ్యం. స్నానానికి పనికివచ్చే నీటికి పి.హెచ్. 8.5 దాటరాదు, ఆమ్లజని లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు. రంగు పోయింది గాని జిగురు పోలేదు.

"ఏం రాస్తివిరా?" అన్నారు ఆయన.

"తెలుపు అని రాసినా నాయనా."

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అంత డబ్బు పెట్టిన మనిషి, కోపం వచ్చినా మేము ఏమీ అనుకునేవారం కాదు. మా దగ్గర చెప్పడానికి ఓదార్పుమాట కూడా లేదు. జిగురునీళ్ళను రంగునీళ్ళలో కలపకుండా వేరే తొట్టిలో నిలవబెట్టి, గాలి తగిలేలా చేయవచ్చునని మాలో ఒకరు మెల్లగా అన్నారు. తొట్టికి ఎంతవుతుందని ఆయన అడిగారు. మాకు తెలియదు, కనుక్కొని వస్తామన్నాము.

బండి వేళయింది. సంచులు సర్దుకుంటుంటే ఆయన గట్టుమీది నీలపు కాగితాల పుస్తకం తీసి చేతిలో త్రిప్పి చూచారు.

"ఇది ఈడ పెట్టిపోండి సార్. మీరు వచ్చేలోగా దినమూ ముంచి చూస్తా. రంగు యెట్లా చదవాలో వీడు చెప్పిపోతాడు."

కొడుకు ఆ సాయంత్రం బండి ఎక్కలేదు. మరుసటి దినము వస్తానన్నాడు.