పొద్దుగూకని ఊళ్లో రోజా

"పొద్దుగూకందే రోజా విడవొద్దు బేటా" అనేది మా అమ్మీ. మరి పొద్దే గూకని ఊళ్లో? 2015 రంజాన్‌లో కెనడా ఉత్తరాన ఇనువిక్‌కు వెళ్లాను.

ఆర్కిటిక్ వలయానికి ఇంకో 200 కిలోమీటర్లు పైన ఉంది ఆ ఊరు. జనం 3,000 పైచిలుకు. చుట్టూ పొట్టి చెట్ల అడవి, మెకంజీ నది పాయలు. వేసవిలో 50 రోజులకు పైగా సూర్యుడు అస్తమించడు. నేల అడుగున ఏడాదంతా మంచే. ఇంటి వేడికి అది కరిగితే గోడలు కుంగుతాయని ఇళ్లను గుంజల మీద నిలబెడతారు.

అక్కడి మసీదును 2010లో విన్నిపెగ్‌లో కట్టి, లారీ మీదా పడవ మీదా 4,000 కిలోమీటర్లు మోసుకొచ్చారు. రోజాకు దక్షిణాన ఉన్న ఎడ్మంటన్ వేళలు పాటిస్తారు. రాత్రి పది దాటాక, ఎదురుగా ఎండ కాస్తుంటే ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. పొద్దును కూడా అరువు తెచ్చుకోవచ్చన్నమాట!

పక్కన కూచున్న సూడాన్ టాక్సీ భాయిని అడిగాను: "మీదే ఊరని అడుగుతారా?"

"అడుగుతారు. ఇనువిక్ అంటాను. సరే, ఫలానా వీధికి పోనీయమంటారు."

అంతే! నాకు అసూయ పుట్టింది. ఆ నేల అసలు వారసులైన ఇనువియాలుయిట్, గ్విచిన్ జాతుల గోడు వేరే ఉందని తెలుసు. అయినా పుట్టింది.

20 ఏళ్లుగా తెలుగులో రాస్తున్నా "మీకు తెలుగు భలే వచ్చే!" అంటారు నన్ను. పేరు వినగానే "ఇల్లు ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. ముషాయిరాకెళ్తే "తెలుగు సాబ్ ఆయే" అని నవ్వుతారు. మా తాతల గోరీలన్నీ ఈ మట్టిలోనే ఉన్నాయి.

నాదీ ఈ ఊరేనంటే, "సరే, ఏ వీధి?" అని అడిగేదెప్పుడు?