తెరచాపకొయ్య దించు విద్య

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములందలి మనవారికి పడవలతో సంబంధమేమని చదువరులు అడుగవచ్చును. పూండి జలాశయమును దాటివచ్చు మన కుశస్థలి ఎన్నూరునొద్ద సముద్రమున కలియుచున్నది. ఆ ఎన్నూరుమీదుగనే బకింగ్‌హాం కాలువ ఉత్తరమునకు సాగి పులికాటు సరస్సును చేరును. 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో ఆ సరస్సు దక్షిణభాగము చేరియున్నది. కావున పడవల కథ మన యింటి కథయే.

1806లో మద్రాసునుండి ఎన్నూరువరకు త్రవ్వనారంభించిన కాలువ క్రమముగా ఉత్తరమున పెదగంజామువరకును, దక్షిణమున మరక్కాణమువరకును పెరిగినది. 1876-78 నాటి గొప్ప కరవులో బీదలకు కూలిపని కల్పించుటకై కూవము, అడయారు నదులను కలుపు భాగమును త్రవ్వించిరి. 1878లో నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టిరి. పెదగంజామువద్ద కృష్ణా కాలువలతో కలియుటచే తెలుగుసీమ బియ్యము, ఉప్పు, సరుగుడు కట్టెలు పడవలమీద మద్రాసు చేరుచుండెను. గాలి అనుకూలించినపుడు తెరచాప; అనుకూలింపనిచో గెడ, లేదా గట్టువెంట నడచుచు లాగెడి తాడు.

1968 వేసవి సెలవులలో, పొన్నేరి కాపురస్థుడగు మా మేనమామ నన్ను కాలువగట్టునకు తీసికొనిపోయెను. కట్టెల పడవ యొకటి వంతెనను సమీపించుచుండెను. కొయ్య చూడబోతే వంతెనకంటె ఎత్తు. పడవవారు మొదట తెరచాపను దించి చుట్టిరి. పిదప ముందువైపు మోకును విప్పిరి; కాని ఒక్కసారిగా వదలలేదు. దిమ్మెకు ఒక చుట్టు చుట్టి, జానెడు జానెడుగా వదలిరి. ప్రక్కమోకులు కొయ్యను అటునిటు ఒరగనీయలేదు. అడుగుభాగము తన మేకునందే తిరిగి, కొయ్య వెనుకకు వాలగా ఇద్దరు భుజములపై అందుకొనిరి. పడవ వంతెనక్రింద జారిపోయెను.

"తాతా, దించుట కష్టమా, ఎత్తుట కష్టమా?" అని నేనడిగితిని. నెల్లూరివైపు ముసలి సరంగు నవ్వి, "దించేటప్పుడు కడపటి మూర బరువు, ఎత్తేటప్పుడు మొదటి మూర బరువురా అబ్బయ్యా. పడుకున్న కొయ్యే కదా బరువు!" అనెను. నిలువుగా నున్న కొయ్య తన బరువును తన అడుగుమీదనే మోయును. వాలినకొలదియు ఆ భారము మోకుమీద పడును. ఇంగ్లండులోని నార్ఫోక్ సరుకు పడవలవారు ఈ భారమును తేల్చుటకే కొయ్య అడుగున బరువు కట్టెడివారు. నేడు కారు వెనుక బండిపై చిన్న పడవలను తీసికొనిపోవువారును ఈ పద్ధతినే అనుసరింతురు. తలపై కరెంటు తీగలు లేవని మాత్రము ముందు చూచుకొనవలెను.

1965, 66 సంవత్సరముల తుపానులు కాలువను చెరచినవి. లారీలు, రైళ్ళు సరుకును లాగుకొన్నవి. చెన్నైలో 1997 నాటికి మైలాపూరువరకు సాగిన ఎత్తురైలు మార్గపు స్తంభములు కాలువలోనే నాటబడినవి. 2008లో కాలువ జాతీయ జలమార్గములో చేర్చబడినను, ఆ తెరచాపలు తిరిగి రాలేదు.

మనమును ఒక వంతెనను దాటినవారమే. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పుననుసరించి తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రమునకు పోయెను. నేను ముప్పదియేండ్లకు పైగా గుమాస్తాగా అరవమున దస్త్రములు వ్రాసి, ఆ భాషను ప్రేమించి, దానితో అన్నము తింటిని. ఉద్యోగమున తెలుగు కొయ్యను దించితిమి. ఇంటికి వచ్చి ఎత్తుచుంటిమి. అందులో అవమానమేమియు లేదు. కాని 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తరగతివారీగా నిర్బంధమైన పిమ్మట, ఇంట మాటాడు తెలుగును చదువలేని పిల్లలు పెరుగుచున్నారు. కొయ్య పడుకొనియే యున్నచో మోకులు చివుకును. ఎత్తు విద్య తెలిసినవారును తరిగిపోదురు.

మొదటి మూరకే చేతులు ఎక్కువ కావలెను. మా వీధిలో మూడిండ్లవారము ఆదివారము ఉదయము ఒక గంటసేపు పిల్లలను కూర్చుండబెట్టుచున్నాము. పలకలు కొన్నాము, పెద్దబాలశిక్ష తెప్పించినాము. ఏడుగురు పిల్లలు గుణింతములోనికి వచ్చినారు. మీ వీధిలో ఎందరున్నారో ఒకసారి లెక్కింపుడు.