విషము దిగిన పిమ్మట

మాది ఆళ్లగడ్డ. నా భర్త ఉపాధ్యాయులు. గతవర్షాకాలమున నా తోడికోడలిని వరిచేనిగట్టుపై రక్తపింజరి కరచెను. కట్టు బిగింపక, గాటు పెట్టక, కాలు కదలనీయక ఆమెను నంద్యాల వైద్యశాలకు గొనిపోయితిమి. అచ్చట నరములోనికి విషహరౌషధము నెక్కించిరి. ప్రాణము దక్కినది. ఐదవదినమున ఇల్లు చేరితిమి.

ఎనిమిదవనాటి సాయంకాలమున ఆమె మేనెల్ల దద్దురులు లేచినవి. దుర్భరమైన దురద, సన్నని జ్వరము, మోకాళ్లకును మణికట్లకును నొప్పి. చూడవచ్చిన యొక వృద్ధురాలు, "విషము లోపల మిగిలినదమ్మా! ఇది నాగదోషము. మంత్రము వేయింపుము" అనెను. చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. బాల్యమున తండ్రిగారియొద్ద భారతము చదివిన నేనును ఆ మాట నమ్మితిని. భర్తతో జెప్పక, వేపాకు నూరి పూసి రాత్రి గడపితిని. ఆమె నిదురలేక గీరుకొనుచు, "అక్కా, నేను బ్రదుకుదునా?" యని యడిగెను. నా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

తెల్లవాఱగనే భర్తతో నిజము జెప్పి, మరల నంద్యాలకు పోయితిమి. వైద్యురాలు శాంతముగా బోధించినది: "ఇది విషము గాదు, మందువలన గలిగిన బాధ. గుఱ్ఱములకు పాముల విషమును కొద్దికొద్దిగా నెక్కించినచో, వాని రక్తమున ఆ విషమును బంధించు యాంటీబాడీలు పుట్టును. వానిని శుద్ధిచేసినదే యీ మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటికిని మనదేశమున నిదియే వాడుదురు. కాని గుఱ్ఱపు మాంసకృత్తులు మన యొడలికి పరాయివి. కొందఱికి మందెక్కుచుండగనే దద్దురులు, వాంతి, ఆయాసము కలుగును. అందులకై అడ్రినలిన్ సిద్ధముగా నుంచుకొని కనిపెట్టియుందుము. మఱికొందఱికి వారముదినముల ప్రాంతమున, శరీరము వానిపై తిరుగబడినపుడు, ఇట్లు దద్దురులును జ్వరమును కీళ్లనొప్పులును వచ్చును."

దీనికి 'సీరం వ్యాధి' యని పేరు. గుఱ్ఱపు సీరము పొందిన పిల్లలలో దీనిని గమనించి, వియన్నా వైద్యులు పిర్కే, షిక్ అనువారు 1905లోనే గ్రంథము వ్రాసిరి. నూఱేండ్లకు పైబడి తెలిసిన సంగతి నా గడప దాటి లోనికి రాలేదు! దురద నణచు మాత్రలు, కొన్నిదినములు స్టెరాయిడు మాత్రలు వాడగా ఆమె మేను యథాస్థితికి వచ్చినది.

పరీక్షిత్తును బ్రదికింప బయలుదేరిన కాశ్యపుని తక్షకుడు ధనమిచ్చి త్రోవలోనే మరల్చెను. మనలను మరల్చుటకు ధన మక్కఱలేదు, భయమే చాలును. కావున సోదరీమణులారా, పాముకాటుకు మందెక్కించుకొనినవారి మేన రెండు వారములలోపల దద్దురు లేచినచో దాచకుడు, పసరులు పూయుచు కాలము గడపకుడు. ఆ మందు వివరముగల చీటీతో వెంటనే వైద్యులకు చూపుడు. మరల కాటుపడిన దినమున ఈ దద్దురునకు వెఱచి మందు మానకుడు. మునుపు జరిగినది మాత్రము మఱవక చెప్పుడు. దద్దురు మానును. పోయిన ప్రాణము రాదు.