ముడసర్లోవ నవ్వులు

వేసవి సెలవులకి విశాఖలో మావయ్య ఇంటికి వెళ్తే సాయంత్రాలు ముడసర్లోవ వైపు నడక తప్పేది కాదు. ఒక పక్క రిజర్వాయరు, వెనక కొండలు, ఆ దాపున గోల్ఫ్ మైదానం. మా ఊళ్ళో ఆవులకే ఎండాకాలం పచ్చిక దొరకదు. ఇక్కడ ఒక చిన్న బంతి కోసం ఇంత మేర గడ్డి పెంచుతారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

మావయ్య కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. గోల్ఫ్ కర్ర ఏనాడూ ముట్టుకోలేదు గానీ, ఆ ఆట మీద వచ్చిన పద్యాలూ కథలూ వెతికి మరీ చదివేవాడు. “ఆడేవాళ్ళకి చెమట, చదివేవాళ్ళకి నవ్వు. మనకి రెండోదే చవక” అనేవాడు.

ఈ ఆట మీదే అంత హాస్యం ఎందుకు పుట్టిందని అడిగాను. “క్రికెట్‌లో అవుటైతే బౌలర్ మీదకి నెట్టెయ్యొచ్చురా. ఇక్కడ బంతి కదలదు, ఎదుటివాడు దాన్ని ముట్టుకోడు. గురి తప్పితే ఎవర్ని తిడతావు? నవ్వుకోవాలి, లేకపోతే పద్యం రాసుకోవాలి” అన్నాడు.

నడుస్తూనే కథలు చెప్పేవాడు. జనం విలువిద్య మానేసి ఈ ఆటలో పడ్డారని 1457లో స్కాట్లండ్ పార్లమెంటు గోల్ఫ్‌ని నిషేధించిందట. 1743లో ఎడింబరోలో థామస్ మాథిసన్ ‘ది గాఫ్’ అనే కావ్యం అచ్చువేశాడు. ఇద్దరు పెద్దమనుషులు తోలులో ఈకలు కూరిన బంతిని కొట్టుకుంటూ పోవడాన్ని పలనాటి యుద్ధం పాడినంత ఆర్భాటంగా మూడు సర్గల్లో చెప్పాడు. లీత్ మైదానంలో ఆటకి పదమూడు నియమాలు రాసుకున్నది ఆ మరుసటి ఏడాది, 1744లో. “చూశావా, ఆట నియమాల కంటే వెక్కిరింపే ముందొచ్చింది” అని మావయ్య మురిసిపోయేవాడు.

ఆయనకి అసలు దేవుడు పి.జి. వుడ్‌హౌస్. 1922లో వచ్చిన ‘ది క్లికింగ్ ఆఫ్ కత్‌బర్ట్’లో ఒక సాహిత్య సంఘం గొప్ప రష్యన్ నవలాకారుణ్ణి పిలుస్తుంది. ఆయన ముందు అందరూ సాహిత్యం వల్లిస్తుంటే, ఆయన మాత్రం మూల నిలబడ్డ గోల్ఫ్ కుర్రాణ్ణి చూసి పొంగిపోతాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా మావయ్య సగంలోనే నవ్వు ఆపుకోలేక కూలబడేవాడు. మిగతా సగం నేను పూర్తిచేసేదాన్ని.

ఒక రోజు కంచె దగ్గరే ఆట చూశాం. ఒకాయన నడుం సవరించుకుని, కర్ర రెండుసార్లు గాల్లో ఊపి, బలమంతా పెట్టి కొట్టాడు. మట్టిపెళ్ళ ఎగిరింది. బంతి ఉన్నచోటే ఉంది. వెనక సంచీ మోస్తున్న క్యాడీ కుర్రాడు మొహం బిగబట్టుకుని, “బంతి ఉండిపోనాది బావూ, మట్టే ఎల్లిపోనాది” అన్నాడు. కొట్టినాయన కూడా నవ్వేశాడు. ఆ కుర్రాడు నాకంటే రెండేళ్ళు పెద్దేమో. నావి సెలవులు, అతనిది పని. అప్పట్లో నాకది తట్టలేదు.

కాలేజీలో చేరాక అమెరికన్ కవయిత్రి సారా క్లెగ్‌హార్న్ 1915లో ప్రచురించిన నాలుగు పంక్తుల పద్యం చదివాను. మిల్లు పక్కనే గోల్ఫ్ మైదానం. లోపల పిల్లలు పనిచేస్తున్నారు, తలెత్తితే బయట పెద్దవాళ్ళు ఆడుకుంటున్నారు. అంతే, ఇంకో మాట లేదు. మావయ్య చెప్పిన సిద్ధాంతంలో లేని మనిషి నాకు అందులో దొరికాడు. గురి తప్పినవాడు తన మీద తాను నవ్వుకుంటే అది పుస్తకమవుతుంది. పక్కన నిలబడి చూసేవాడి నవ్వు అచ్చుదాకా రాదు.

వుడ్‌హౌస్‌ని ఇప్పటికీ ఇష్టంగానే చదువుతాను. అయినా గోల్ఫ్ మీద నేను విన్న మాటల్లో మొదటి స్థానం ఆ క్యాడీ మాటకే. అతనికి కూలి ముట్టింది మాత్రం సంచీ మోసినందుకే.