నీకేం అభ్యంతరం లేదు కదా?

2015లో పట్టిసీమ ఎత్తిపోతల కోసం పొలాలు తీసుకున్నప్పుడు మా తాతయ్య పొలం కూడా కొంత పోయింది. పరిహారం కాగితాల మీద అమ్మ సంతకం కావాలి. డబ్బంతా తనకే వచ్చేలా రాయించిన కాగితం ముందు పెట్టి మామయ్య అడిగాడు: “అక్కా, నీకేం అభ్యంతరం లేదు కదా?”

“నాకేముంటుందిరా” అంది అమ్మ. సంతకం చేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. కూతుళ్లకీ సమాన వాటా ఉందని చట్టం చెప్పి అప్పటికి పదేళ్లు. నేను అక్కడే ఉన్నాను. పిహెచ్.డి. చేస్తున్నాను. ఏమీ అనలేదు.

ఆ రోజుల్లోనే రాబిన్ లేకాఫ్‌ని చదివాను. ఇంగ్లీషులో వాక్యం చివర తగిలించే ‘ఇజింట్ ఇట్?’, ‘డోంట్ యూ?’ లాంటి ప్రశ్నలు ఆడవాళ్ల మాటల్లో ఎక్కువనీ, తన మాట మీద తనకే గట్టి నమ్మకం లేనట్టు వినిపిస్తాయనీ ఆమె 1975లో పుస్తకంలో రాసింది. అదే ఏడాది డ్యూబ్వా, క్రౌచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న సదస్సు టేపులు విని, అక్కడ ఆ ప్రశ్నలు వాడింది మగవాళ్లేనని తేల్చారు. తర్వాత జానెట్ హోమ్స్ అసలు లెక్కపెట్టడం కాదు, ఆ ప్రశ్న ఏ పని చేస్తోందో చూడమంది. తెలియక అడగడం ఒకటి, ఎదుటివాళ్లని మాటల్లోకి రానివ్వడం ఇంకొకటి, కటువు తగ్గించడం మరొకటి. కోర్టులో వకీలు “మీరు అక్కడే ఉన్నారు, కదూ?” అంటే అది వీటిలో ఏదీ కాదు. జవాబు ముందే తయారైపోయింది. సాక్షి తలూపాలి, అంతే.

మామయ్యది ఆ వకీలు ‘కదా’.

ఇంగ్లీషులో ఈ తోక వాక్యాన్ని బట్టి మారుతుంది. క్రియ, కాలం, కర్త అన్నీ చూసుకోవాలి. మన ‘కదా’కి ఆ బాధ లేదు. కానీ కదండీ, కదరా, కదే, కదమ్మా! మనది వ్యాకరణం కన్నా మనిషిని చూసి మారుతుంది. మా గోదావరి వాళ్ల ‘కదండీ’లో ఎంత మర్యాద ఉందో, కాదనడానికి అంత మొహమాటమూ ఉంది. (సెమినార్లలో నా పేపరు చివర నేను కూడా ‘కదండీ’ అంటాను. ఒక పెద్దాయన నవ్వి, “మీకే నమ్మకం లేదామ్మా?” అన్నాడు. ఆయన ప్రసంగంలో ‘కదా’లు లెక్కపెట్టుకోవడం తప్ప ఆ రోజు ఏం చేయలేకపోయాను.)

మొన్న శివరాత్రి తర్వాత అమ్మా నేనూ వీరభద్రస్వామి గుడికి వెళ్దామని రేవులో పడవ కోసం కూర్చున్నాం. ఇన్నేళ్లూ దాచుకున్నది అడిగేశాను.

“ఆ రోజు సంతకం పెట్టడం నీకు ఇష్టం లేదు కదా అమ్మా?”

అమ్మ నా వైపు తిరిగింది. “నువ్వూ అలాగే అడుగుతున్నావేమే?”

సిగ్గేసింది. కాసేపాగి మళ్లీ అడిగాను, ఈసారి తోక లేకుండా. “ఏమనుకున్నావు?”

పడవ వచ్చింది, జనం ఎక్కారు, వెళ్లిపోయింది. మేం ఎక్కలేదు. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది.