కురుసుర కాపలా

విశాఖ ఆర్కే బీచ్‌లో, ఇసుక మీద నిలబెట్టిన ఐ.ఎన్.ఎస్. కురుసుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. బయటినుంచి ఎంతో పెద్దది. టికెట్ కొని లోపలికి అడుగుపెడితే మాత్రం, ఎదురుగా మనిషి వస్తే ఒళ్ళు ఒదిగించుకోవాల్సిందే. ఇందులో 75 మంది వారాల తరబడి కాపురం చేశారు.

ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు. టార్పెడోల పక్కనే నావికుల పడకలు. చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. "తల జాగ్రత్త బాబూ" అంటూ గుండ్రటి ద్వారాల్లోంచి మమ్మల్ని గదిగదికీ దూరించారు. బ్యాటరీలు నేల కింద ఉంటాయట. డీజిల్ ఇంజన్ నడవాలంటే గాలి కావాలి. అందుకే పైకి తేలో, గాలిగొట్టం ఒక్కటే నీటిపైకి ఎత్తో ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. మునిగాక మోటార్లకు ఆ కరెంటే ఆధారం. శత్రువు కంటపడే గండం ఈ నింపుకునే వేళలోనే ఎక్కువ.

పెరిస్కోప్ దగ్గర ఉండబట్టలేక అడిగాను: "యుద్ధంలో ఎన్ని ఓడల్ని ముంచింది సార్?"

"ఒక్కటీ లేదు."

1969 డిసెంబర్ 18న సోవియట్ రేవు రీగాలో మన నౌకాదళంలో చేరిన కురుసుర, 1971 నవంబర్‌లో అరేబియా సముద్రంలో గస్తీకి వెళ్ళింది. హద్దులు గీసి దాటొద్దన్నారు. ఎదుటి ఓడ శత్రువుదేనని రూఢి కానిదే టార్పెడో వదలొద్దన్నారు. నవంబర్ 30న మరో సబ్‌మెరైన్ కరంజ్‌ను సముద్రం మీదే కలిసి సూచనలు అందించి, డిసెంబర్ 4న బొంబాయి చేరింది. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది ఆ ముందురోజు సాయంత్రమే! పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఆ రోజుల్లోనే ఈ విశాఖ తీరం దగ్గర మునిగిపోయింది.

తర్వాత కొన్నేళ్ళు కురుసురను పక్కనపెట్టి, దాని భాగాలు విప్పి తోటి సబ్‌మెరైన్లకు వాడారు. మరమ్మతులై 1982లో మళ్ళీ సముద్రమెక్కింది. 2001 ఫిబ్రవరిలో కొలువు ముగిసేనాటికి 73,500 నాటికల్ మైళ్ళు తిరిగింది. 2002 ఆగస్టు నుంచి జనానికి మ్యూజియం.

ముంచిన ఓడలే లెక్కయితే కురుసుర పద్దు సున్నా. కానీ చేతిలో ఆయుధం పెట్టుకుని, ఆజ్ఞ మీరకుండా, కనబడకుండా కాపలా కాయడం చిన్న పనేం కాదు. బీచ్‌కి వెళ్తే ఫోటోలతో సరిపెట్టకండి. లోపల ఉన్న ఆ పాత నావికుల్ని ఆపి నాలుగు ప్రశ్నలడగండి. బోర్డుల మీద లేని చరిత్ర వాళ్ళ దగ్గరే ఉంది.